టీనేజ్ పిల్లల తలకు దెబ్బ తగిలితే మెదడులోని మైక్రోగ్లియా ఏం చేస్తాయి?

సుజాత_ఎస్

అందరికీ నమస్కారం. మా అబ్బాయికి పదిహేనేళ్లు. ఫుట్‌బాల్ ఆడుతూ బంతికోసం ఎగిరినప్పుడు ఇంకో కుర్రాడి తల వీడి కణతకు గట్టిగా తగిలింది. స్పృహ పోలేదు గానీ, కాసేపు అడిగిందే మళ్లీ మళ్లీ అడిగాడు. సీటీ స్కాన్ నార్మల్ అన్నారు. కంకషన్ (దెబ్బకు మెదడు కుదుపుకు గురై కొంతకాలం సరిగా పనిచేయకపోవడం) అని చెప్పి, విశ్రాంతి ఇమ్మని పంపించారు.

వారాలు గడుస్తున్నా వాడు మునుపటిలా లేడు. సాయంత్రానికి తలనొప్పి, ట్యూబ్‌లైట్ వెలుతురు పడదు, చిన్న మాటకే విసుగు. పుస్తకం ముందు కూర్చుంటాడు, పేజీ తిప్పడు. ఇంకోవైపు కోచ్ "స్కాన్ నార్మలే కదండీ, వచ్చే మ్యాచ్‌కి పంపండి" అంటున్నారు.

నిన్న రాత్రి నిద్ర పట్టక చదువుతుంటే, తలకు దెబ్బ తగిలాక మెదడులోని రోగనిరోధక కణాలు 17 ఏళ్ల వరకు రెచ్చిపోయే ఉంటాయని కనబడింది. అప్పటినుంచి ఒకటే టెన్షన్. అది నిజమేనా? ఆ కణాలను ఆపే మందు ఏదైనా ఉందా? తెలిసినవాళ్లు చెప్పండి.

మైక్రో_కిరణ్

సుజాత గారూ, నేను మెదడు కణాల మీద ల్యాబ్‌లో పనిచేస్తాను. వైద్యుణ్ని కాను కాబట్టి బాబు చికిత్స గురించి చెప్పను. ఆ 17 ఏళ్ల మాట ఎక్కడిదో మాత్రం తెలుసు, ముందు దాని సంగతి చెప్తాను.

అది 2011లో వచ్చిన ఒక పెట్ స్కాన్ (శరీరం లోపలి కణాల చురుకును బొమ్మగా చూపే పరీక్ష) అధ్యయనం. అందులో ఉన్నవాళ్లు పదిమంది. వాళ్లవి మామూలు కంకషన్లు కావు, మధ్యస్థం నుంచి తీవ్రమైన గాయాలు. దెబ్బ తగిలి కనీసం 11 నెలలైనవాళ్లు, ఒకరికైతే 17 ఏళ్లయింది. వాళ్ల మెదడులో, ముఖ్యంగా మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే భాగంలో, మైక్రోగ్లియా (మీరు చదివిన ఆ రోగనిరోధక కణాలు ఇవే) ఇంకా చురుగ్గా ఉన్నట్టు సంకేతం కనిపించింది. అంతే. దెబ్బ తగిలిన ప్రతి పిల్లాడికీ 17 ఏళ్లు అలాగే ఉంటుందని అందులో లేదు. పైగా ఆ స్కాన్‌లో వెలిగే గుర్తు ఒక్క మైక్రోగ్లియాదే కాదు, నాడీకణాలకు ఆసరాగా ఉండే ఆస్ట్రోసైట్లనే కణాల్లో కూడా అది ఉంటుంది.

ఇక ఈ కణాలు ఏమిటంటే: 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఒర్తేగా వీటిని వేరే రకం కణాలుగా గుర్తించి పేరు పెట్టాడు. మెదడులోని మిగతా కణాలకూ వీటికీ పుట్టుకలోనే తేడా ఉంది. పిండం ఇంకా చిన్నగా ఉన్నప్పుడే యోక్ శాక్ (పిండానికి అంటుకుని ఉండే తిత్తి) నుంచి బయలుదేరి మెదడులోకి చేరతాయి, అక్కడే స్థిరపడతాయి. ఊరికే కూర్చోవు. 2005లో బతికున్న ఎలుకల మెదడును మైక్రోస్కోప్‌తో చూసినప్పుడు, ఈ కణాల సన్నని కొమ్మలు నిమిష నిమిషానికీ సాగుతూ, ముడుచుకుంటూ చుట్టూ తడుముతూనే ఉన్నాయి. లేజర్‌తో ఒక్క చుక్కంత గాయం చేస్తే చాలు, చుట్టుపక్కల కణాలన్నీ కొమ్మలు అటు చాపి నిమిషాల్లో ఆ చోటును చుట్టేశాయి. గాయపడిన కణాల నుంచి కారే ఏటీపీయే (కణాలకు శక్తినిచ్చే రసాయనం) వాటికి పిలుపు.

కాబట్టి మొదటి రోజుల్లో ఇవి చేసేది మంచి పనే. 2014లో ఎలుకల మీద చేసిన ప్రయోగంలో, తేలికపాటి దెబ్బ తర్వాత మెదడు పైపొర దెబ్బతిన్న చోట మైక్రోగ్లియా తేనెపట్టులా అల్లుకుని కారిపోతున్న చోటును మూశాయి. ఆ స్పందనను మందుతో ఆపేస్తే నష్టం తగ్గలేదు, ఎక్కువైంది.

పీఈటీ_రమేశ్

కిరణ్ గారి వివరణ బాగుంది. నేను స్కూల్లో ఆటలు నేర్పిస్తాను, కోచ్ సంగతి ఒక్కటే చెప్తాను. సీటీ స్కాన్ చూసేది రక్తస్రావం, ఎముక విరగడం లాంటివి. కంకషన్ అందులో కనబడదు. "స్కాన్ నార్మల్" అంటే "ఆపరేషన్ అవసరమైన గాయం లేదు" అని అర్థం, "ఆడొచ్చు" అని కాదు. లక్షణాలు ఉన్న పిల్లాణ్ని మైదానంలోకి దింపడం ఏ నియమం ప్రకారమూ కుదరదు. సుజాత గారూ, ఈ విషయంలో మొహమాటపడకండి.

చందు_డిఫెండర్

అక్కా, నేను కాలేజీ రోజుల్లో ఇలాగే రెండోసారి కొట్టించుకున్నాను. మొదటి దెబ్బకు తలనొప్పి ఇంకా పూర్తిగా పోలేదు, అయినా టీమ్‌లో చోటు పోతుందని ఎవరికీ చెప్పలేదు. రెండో దెబ్బ చాలా చిన్నది, భుజం తగిలిందంతే. కానీ దాని తర్వాత మామూలు మనిషి కావడానికి మొదటిసారి కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ కాలం పట్టింది. చదువుతుంటే ఒకే లైను మీద కళ్లు తిరుగుతూ ఉండేవి, కింది లైనుకు దిగేవి కావు. మీరు బాబు గురించి "పేజీ తిప్పడు" అని రాసింది చదివి గుండె జారింది. దయచేసి ఆ మ్యాచ్‌కి పంపకండి.

ఒక అనుమానం కూడా ఉంది. రెండోది అంత చిన్న దెబ్బైతే అంత పెద్ద ప్రభావం ఎందుకు? మైక్రోగ్లియాకూ దానికీ ఏమైనా సంబంధం ఉందా?

మైక్రో_కిరణ్

ఉంది చందూ. ఈ థ్రెడ్‌లో అసలు విషయం ఇదే అనుకుంటాను, అందుకే కాస్త వివరంగా రాస్తాను.

దెబ్బ తగిలిన వెంటనే నాడీకణాల్లోంచి పొటాషియం బయటికి, కాల్షియం లోపలికి పోతాయి. ఆ అయాన్లను మళ్లీ సర్దడానికి కణానికి బోలెడు గ్లూకోజ్ కావాలి, సరిగ్గా అప్పుడే రక్త ప్రవాహం తగ్గుతుంది. శక్తి చాలని స్థితి అది. ఇటలీలో కంకషన్ అయిన ఆటగాళ్ల మెదడులో నాడీకణాల ఆరోగ్యాన్ని సూచించే ఎన్‌ఏఏ అనే రసాయనాన్ని కొలిచినప్పుడు, అది మామూలు స్థాయికి రావడానికి దాదాపు 30 రోజులు పట్టింది. తలనొప్పులూ అవీ అంతకు ముందే పోయాయి. ఈలోపే రెండో దెబ్బ తగిలినవాళ్లకు దాదాపు 45 రోజులు పట్టింది. వాళ్ల సంఖ్య చాలా తక్కువే, అది గుర్తుంచుకోవాలి. కానీ "బాగానే ఉన్నాను" అనిపించడం వేరు, లోపల బాగుపడటం వేరు అని మాత్రం తెలుస్తుంది.

మైక్రోగ్లియా సంగతికి వస్తే, ఒకసారి రెచ్చిన కణం చల్లబడ్డాక కూడా మునుపటి స్థితికి పూర్తిగా రాకపోవచ్చు. పైకి మామూలుగానే ఉంటుంది, ఇంకో చిన్న ప్రేరణ తగలగానే అవసరానికి మించి స్పందిస్తుంది. దీన్ని ప్రైమింగ్ అంటారు. అమెరికాలో ఒహాయో స్టేట్ విశ్వవిద్యాలయం వాళ్లు ఎలుకల్లో చూపించారు: తల గాయమై 30 రోజులయ్యాక, ఎలుకలన్నీ మామూలుగా తిరుగుతున్నప్పుడు, బ్యాక్టీరియా పైపొర పదార్థాన్ని కొద్దిగా ఎక్కించారు. గాయం లేని ఎలుకలు ఒక రోజు నలతగా ఉండి తేరుకున్నాయి. గాయపడ్డవాటిలో ఇన్‌ఫ్లమేషన్ (రోగనిరోధక కణాలు రేపే వాపు, మంట) ఎక్కువగా, ఎక్కువసేపు నిలిచింది, డిప్రెషన్ లాంటి ప్రవర్తన కనబడింది. అంటే రెండో దెబ్బ తలకే తగలాలని లేదు. ఒక ఇన్ఫెక్షన్ లాంటిది కూడా ఆ పని చేయొచ్చు.

టీనేజ్‌లో ఇంకో సంగతి తోడవుతుంది. ఈ వయసులో మైక్రోగ్లియాకు ఒక పెద్ద పని అప్పగించి ఉంటుంది: అక్కర్లేని సినాప్సులను (నాడీకణాలు ఒకదానితో ఒకటి కలిసే చోట్లను) తీసేయడం. ఏది తీయాలో కాంప్లిమెంట్ అనే ప్రోటీన్లు గుర్తు పెడతాయి, మైక్రోగ్లియా వచ్చి మింగేస్తాయి. మెదడు ముందు భాగంలో, అంటే ప్లానింగ్, కోపాన్ని ఆపుకోవడం, ఏకాగ్రత లాంటివి జరిగే చోట, ఈ కత్తిరింపు ఇరవైల్లో కూడా సాగుతుంది. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో, యుక్తవయసు మగ ఎలుకల్లో మైక్రోగ్లియా డోపమైన్ డి1 గ్రాహకాలను (డోపమైన్ అనే మెదడు రసాయనాన్ని అందుకునే ప్రోటీన్లను) సరైన సమయంలో తొలగిస్తాయని, దాన్ని అడ్డుకుంటే అవి తోటి ఎలుకలతో ఆడుకునే తీరే మారిపోతుందని తేలింది. ఆడ ఎలుకల్లో ఆ దారి అలా లేదు.

ఇంటికి మరమ్మతు జరుగుతున్నప్పుడు గోడ కూలితే పనివాళ్లందరూ అటే పరుగెత్తుతారు కదా, ఇక్కడి ఆందోళన అలాంటిదే. కత్తిరింపు పనిలో ఉన్న కణాలే గాయం దగ్గరికి పోవాలి, గాయపు సంకేతాల మధ్యే ఏ సినాప్స్ ఉంచాలో ఏది తీయాలో తేల్చాలి. మనుషుల్లో టీనేజ్ కంకషన్ తర్వాత ఈ కత్తిరింపు ఎంత మారుతుందో ఇంకా నేరుగా చూడలేదు. కానీ పెద్దవాళ్ల కన్నా ఈ వయసు పిల్లలు తేరుకోవడానికి ఎక్కువ కాలం పట్టడం అందరికీ తెలిసిన సంగతే.

వాస్తవం_ప్రసాద్

కిరణ్ గారూ, మీ మాటల్లో ఎలుకలే ఎక్కువ. ఎలుక యుక్తవయసు కొన్ని వారాలు, మనిషిది పదేళ్లు. పుర్రె తీరు వేరు, మెదడు మడతలు వేరు. భయపడుతున్న తల్లికి ఎలుక ప్రయోగాలు చెప్పడం మంచిదేనా? మనుషుల లెక్కలు ఉంటే చెప్పండి.

మైక్రో_కిరణ్

న్యాయమైన ప్రశ్నే ప్రసాద్ గారూ. మనుషుల్లో పెద్దది స్వీడన్ అధ్యయనం, 2016లో వచ్చింది. 1973 నుంచి 1985 మధ్య పుట్టిన 11 లక్షలకు పైగా మందిని చూశారు. వాళ్లలో దాదాపు 9 శాతం మందికి 25 ఏళ్లలోపు తలకు గాయమైంది. పెద్దయ్యాక మానసిక సమస్యలతో ఆసుపత్రికి వెళ్లడం, వైకల్య పింఛను, చదువు మధ్యలో ఆగడం లాంటివి వాళ్లలో ఎక్కువ. అదే ఇంట్లో గాయం కాని తోబుట్టువులతో పోల్చినా తేడా పూర్తిగా పోలేదు. పదేపదే దెబ్బలు తగిలినవాళ్లలో, పదిహేనేళ్లు దాటాక తగిలినవాళ్లలో ఆ తేడా ఇంకా ఎక్కువ. చిన్నపిల్లల మెదడు మెత్తనిది కాబట్టి వాళ్లకే ప్రమాదమని మనం అనుకుంటాం, ఈ లెక్కలు వేరే మాట చెప్తున్నాయి. కానీ దీన్ని చదివి కంగారు పడకూడదు: గాయమైనవాళ్లలో చాలామంది మామూలుగానే బతుకుతున్నారు.

శ్రావణి_ఎంఎస్

స్వీడన్ అంటే గుర్తొచ్చింది. నాకు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్, రోగనిరోధక వ్యవస్థే నరాల పైపొర మీద దాడి చేసే జబ్బు) ఉంది, అందుకే ఈ విషయాలు వెతికి చదువుతుంటాను. 2017లో అక్కడి నుంచే ఇంకోటి వచ్చింది. 11 నుంచి 20 ఏళ్ల మధ్య ఒక కంకషన్ అయినవాళ్లలో ఎంఎస్ వచ్చే అవకాశం 22 శాతం ఎక్కువ, ఒకటి కన్నా ఎక్కువైతే రెట్టింపు దాటింది. పదేళ్లలోపు తగిలిన దెబ్బలకు ఆ సంబంధం లేదు. అంటే టీనేజ్‌లోనే రోగనిరోధక వ్యవస్థ ఏదో వేరుగా స్పందిస్తోందన్నమాట కదా?

సుజాత గారూ, మిమ్మల్ని భయపెట్టడానికి రాయలేదు. ఎంఎస్ అసలే అరుదైన జబ్బు, అరుదైనదానికి 22 శాతం కలిపినా అరుదే. నేను ఆ అంకెను మొదటిసారి చూసినప్పుడు ఎవరైనా ఈ మాట చెప్పి ఉంటే బాగుండేదనిపించింది, అందుకే చెప్తున్నాను.

మురళి_హోప్

ఇదంతా ఇన్‌ఫ్లమేషన్ వల్లే అయితే స్టెరాయిడ్ ఇచ్చి ఆపేయొచ్చు కదా? కీళ్లవాపుకు ఇస్తారు, ఆస్తమాకు ఇస్తారు. తలకు ఎందుకు ఇవ్వరు?

డాక్టర్_వసుంధర

ఇచ్చి చూశారు మురళి గారూ. క్రాష్ అనే పెద్ద పరీక్షలో తల గాయమైన పదివేల మంది పెద్దవాళ్లలో సగం మందికి స్టెరాయిడ్, సగం మందికి అసలు మందు లేని ఉత్తుత్తి మందు (ప్లాసిబో) ఇచ్చారు. 2004లో ఫలితం వచ్చింది. రెండు వారాల్లో చనిపోయినవాళ్లు స్టెరాయిడ్ గుంపులో 21 శాతం, ఇంకో గుంపులో 18 శాతం. దశాబ్దాలుగా మంచిదనుకుని ఇస్తున్న మందు ప్రాణాలు తీస్తోందని అప్పుడు తెలిసింది. ఈ వృత్తిలో ఉన్నవాళ్లం ఆ అంకెలను మర్చిపోకూడదు.

మినోసైక్లిన్ అనే యాంటీబయాటిక్ మైక్రోగ్లియాను శాంతింపజేస్తుందని దాన్నీ ప్రయత్నించారు. 2018లో వచ్చిన చిన్న అధ్యయనంలో, పాత గాయాలున్నవాళ్లకు అది ఇస్తే పెట్ స్కాన్‌లో మైక్రోగ్లియా సంకేతం తగ్గింది. అదే సమయంలో నాడీకణాలు దెబ్బతింటున్నాయని చెప్పే న్యూరోఫిలమెంట్ రక్తంలో పెరిగింది. అంటే ఏళ్ల తర్వాత కూడా ఆ కణాలు ఏదో అవసరమైన పని చేస్తూ ఉండి ఉండొచ్చు. సుజాత గారు అడిగిన "ఆపే మందు" కంకషన్‌కు ఈరోజు లేదు. ఇంటర్నెట్‌లో ఎవరైనా అమ్ముతుంటే కొనకండమ్మా.

నేను పిల్లల వైద్యురాలిని. బాబును చూడకుండా ఏదీ ఖాయంగా చెప్పలేను, కానీ అందరికీ వర్తించేవి కొన్ని రాస్తాను.

వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాల్సినవి: తలనొప్పి గంట గంటకూ పెరగడం, ఆగని వాంతులు, ఫిట్స్, ఒక కంటిపాప పెద్దదిగా ఉండటం, మాట తడబడటం, చేయి కాలు బలహీనమవడం, లేపినా లేవనంత మత్తు, ముక్కు నుంచో చెవి నుంచో నీళ్లలాంటి ద్రవం కారడం. ఇవి మొదటి రోజుల్లో ఎక్కువగా చూస్తాం. వారాల తర్వాత కొత్తగా కనబడినా ఆలస్యం చేయొద్దు.

పిల్లలు, టీనేజ్ వాళ్లు నాలుగు వారాల వరకు తీసుకోవడం మామూలే. అది దాటితే మాత్రం కంకషన్ చూసే అలవాటున్న వైద్యుడి దగ్గరికి వెళ్లండి. అప్పటికి తలనొప్పికి మెడ పట్టేయడం కారణం కావచ్చు, కళ్లు రెండూ కలిసి దగ్గరి వస్తువు మీద నిలవకపోవడం కావచ్చు, చెవిలోని బ్యాలెన్స్ వ్యవస్థ కావచ్చు, నిద్ర చెడిపోవడం, ఆందోళన కావచ్చు. ఒక్కోదానికి ఒక్కో చికిత్స ఉంది. బాబు పేజీ తిప్పకపోవడం ఏకాగ్రత లేక అనుకుంటాం, చాలాసార్లు అది కంటి కదలికల సమస్య. వేలిని ముక్కు దగ్గరికి నెమ్మదిగా తెస్తూ ఎక్కడ రెండుగా కనబడుతుందో అడిగి చూస్తాం. దూరంగా ఉండగానే రెండైపోతే అక్కడ పని ఉందన్నమాట.

లక్ష్మి_గృహిణి

డాక్టర్ గారూ, మా బంధువుల అమ్మాయికి ఇలాగే అయినప్పుడు చీకటి గదిలో నెలరోజులు పడుకోబెట్టమన్నారు. పుస్తకం లేదు, స్నేహితులు లేరు. అదే సరైనదని అందరూ అన్నారు. సుజాత గారు కూడా అలాగే చేయాలేమో?

డాక్టర్_వసుంధర

వద్దు లక్ష్మి గారూ. అది పాత పద్ధతి, దానివల్ల పిల్లలు ఇంకా కుంగిపోతారు. ఇప్పుడు మొదటి 24 నుంచి 48 గంటలే విశ్రాంతి, అది కూడా పూర్తిగా మంచానికి అతుక్కుపోయేది కాదు. ఆ రెండు రోజులు ఫోను, టీవీ తగ్గిస్తే త్వరగా తేరుకుంటున్నారని తేలింది. ఆ తర్వాత నెమ్మదిగా నడక మొదలుపెట్టాలి. 2019లో 13 నుంచి 18 ఏళ్ల పిల్లల మీద చేసిన పరీక్షలో, లక్షణాలు పెరగనంత తేలికపాటి ఏరోబిక్ వ్యాయామం చేసినవాళ్లు దాదాపు 13 రోజుల్లో, స్ట్రెచింగ్ మాత్రమే చేసినవాళ్లు 17 రోజుల్లో కోలుకున్నారు. చేస్తుండగా తలనొప్పి కాస్త పెరిగి గంటలోపు తగ్గిపోతే ఫర్వాలేదు. బాగా పెరిగితే ఆపి మర్నాడు తగ్గించి చేయాలి.

కదలిక వేరు, తలకు దెబ్బ తగిలే అవకాశం వేరు. మొదటిది మందు, రెండోదానికి ఇప్పుడు చోటు లేదు.

నిద్ర గురించి కూడా. ఎలుకల్లో చూసినదాని ప్రకారం మెలకువగా ఉన్నప్పుడు నోరడ్రినలిన్ అనే మెదడు రసాయనం మైక్రోగ్లియా కొమ్మలను కట్టడి చేస్తుంది, అది తగ్గినప్పుడు అవి బాగా చాచి తిరుగుతాయి. మనిషికి ఇది ఎంత వర్తిస్తుందో పక్కన పెట్టినా, నిద్ర చెడిన పిల్లల్లో లక్షణాలు ఎక్కువకాలం ఉంటాయి. గంట గంటకూ లేపి చూడమనే సలహా ఇప్పుడు ఇంట్లో అక్కర్లేదు. హాయిగా పడుకోనివ్వండి.

పీఈటీ_రమేశ్

డాక్టర్ గారి మాటకు తోడు. ఆటలోకి తిరిగి వెళ్లడం మెట్లు మెట్లుగా ఉంటుంది: నడక, తర్వాత పరుగు, తర్వాత బంతితో ఒంటరిగా డ్రిల్స్, డాక్టర్ రాసిచ్చాకే తోటివాళ్లతో తలపడే ప్రాక్టీస్, చివరికి మ్యాచ్. ఒక్కో మెట్టుకు కనీసం 24 గంటలు. అంతకంటే ముందు చదువు మామూలుగా సాగాలి.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రంలో 2006లో పదమూడేళ్ల జాకరీ లిస్టెడ్ తలకు దెబ్బ తగిలాక అదే మ్యాచ్‌లో మళ్లీ దిగాడు. మెదడులో రక్తస్రావమై, ప్రాణం దక్కినా ఏళ్ల తరబడి నడవడం, మాట్లాడటం మళ్లీ నేర్చుకోవాల్సి వచ్చింది. 2009లో అతని పేరుతో చట్టం వచ్చింది: అనుమానం వస్తే బయటికి తీయాలి, వైద్యుడు రాసిస్తేనే తిరిగి రావాలి. కొన్నేళ్లలోనే 50 రాష్ట్రాలూ అలాంటి చట్టాలు చేశాయి. కోచ్‌లందరూ ఆ కుర్రాడి కథ తెలుసుకోవాలని నా కోరిక.

సుజాత_ఎస్

అందరికీ ధన్యవాదాలు. కోచ్‌కి ఫోన్ చేసి ఈ మ్యాచ్‌కి రాడని, డాక్టర్ రాసిస్తేనే వస్తాడని చెప్పేశాను. కొంచెం నొచ్చుకున్నారు, ఫర్వాలేదు.

ఈ థ్రెడ్‌లో కొంత వాడికి చదివి వినిపించాను. వాడు అడిగింది ఒక్కటే: "అమ్మా, నా మెదడు ఇక ఇలాగే ఉంటుందా?" ఏం చెప్పాలో తోచలేదు. ఇంకోటి, పరీక్షలు దగ్గరపడుతున్నాయి. స్కూలుకు పంపాలా, ఆపాలా?

మైక్రో_కిరణ్

ఉండదని చెప్పండి సుజాత గారూ. ఓదార్పు కోసం అనడం లేదు. వాడి వయసు మెదడు ఇంకా అల్లుకుంటోంది, సినాప్సులు తీసే ఆ కణాలే కొత్తవి ఏర్పడటానికి కూడా సాయం చేస్తాయి. ఇప్పుడు విసుగు, తలనొప్పి ఉన్నాయంటే ఇంకా పూర్తిగా కోలుకోలేదని అర్థం, ఎప్పటికీ ఇలాగే ఉంటుందని కాదు. కోలుకునేలోపు ఇంకో దెబ్బ తగలకుండా చూడటమే మన వంతు, అది మీరు ఇప్పటికే చేశారు.

డాక్టర్_వసుంధర

స్కూలుకు పంపండమ్మా, కానీ పూట చొప్పున మొదలుపెట్టండి. టీచర్లకు ఒక చీటీ రాసివ్వండి: ఇరవై ముప్పై నిమిషాలకోసారి చిన్న విరామం, కిటికీ వెలుతురు కళ్లలో పడని చోట సీటు, నోట్స్ ఇంకొకరి దగ్గర తీసుకునే వీలు, పరీక్షలో అదనపు సమయం. ఒకే రోజు రెండు పరీక్షలు వద్దని అడగండి. వైద్యుడి ఉత్తరం జత చేస్తే ఏ స్కూలూ కాదనకూడదు. సాయంత్రం తలనొప్పి ఏ పాటి ఉందో రోజూ సున్నా నుంచి పది వరకు అంకె వేయించి రాసుకోండి, కంటి పరీక్షకు వెళ్లినప్పుడు ఆ కాగితం మీతో తీసుకెళ్లండి.